నహూము పాత పేరు

సోమవారం పొద్దున పదిన్నరకి గోంగూర తుంచుకుంటుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే అవతల ఒక ఆడగొంతు, పక్కన ఎవరైనా వింటారేమోనన్నట్టు మెల్లగా మాట్లాడింది.

"అమ్మా, సుగుణ అంటే మీరేనా?"

"నేనే. ఎవరు?"

"నా పేరు ముస్కాన్. మాది కడప. ఈడ రుస్తాఖ్ తట్టు ఆస్పత్రిలో క్లీనింగ్ డ్యూటీ చేస్తాండా. నిన్న మద్యాన్నం ఒకాయన్ను తెచ్చినారమ్మా, రోడ్డు పక్కన పడిపోయింటే. ఎండదెబ్బ అన్నారు. గంట కూడా బతకలా. జేబులో బతాకా కార్డు లేదు, ఫోన్ లేదు. సిన్న పుస్తకం ఒకటుంది. తెలుగు రాసుండాదని సిస్టరు నన్ను పిలిసింది, సదవమని."

"ఏం రాసుంది?"

"'నహూము' అని ఉండాది. దాని కింద 'ఆదరణ' అని. ఇంకా కింద సుగుణ అని, ఈ నంబరు. ఆదరణ అంటే ఇంటిపేరా అమ్మా?"

ఇంటిపేరు కాదని చెప్పాను. ఆ అక్షరాలు నావే. పోయినేడాది ఫిబ్రవరిలో, నీలం పెన్నుతో, గీత తప్పకుండా రాశాను.

"పోలీసోల్లకి ఆయన పేరు కావల్లంట. నహూము అని కంప్యూటర్లో కొడితే యాడా రాలేదంట. ఏలిముద్ర తీసినారు గానీ పడలేదు. సిమెంటు తిన్న ఏళ్లు కదమ్మా. అసలు పేరేందో మీకు తెలిసుంటాదని చేసినా."

"తెలుసు. మా సంఘం పుస్తకంలో ఉంది. చూసి చెప్తాను," అన్నాను.

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, పుస్తకంలో ఆ పేరు లేదని.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మస్కట్‌లో, రూవి చర్చి కాంపౌండ్‌లో మా తెలుగు సంఘానికి శుక్రవారం రెండు నుంచి నాలుగు దాకా ఒక హాలు ఇస్తారు. మలయాళం వాళ్లు వెళ్లాక, తమిళం వాళ్లు రాకముందు. ఆరాధన అయ్యాక భోజనం. వంట చూసుకునేది నేనే, సంఘం పుస్తకం రాసేదీ నేనే. మా పాస్టరు సంజీవ్ గారు మిగతా రోజుల్లో ఏసీ మెకానిక్కుల మీద సూపర్‌వైజరు. నాకు డిగ్రీ ఉందని, ఇంట్లో బైబిలు నిఘంటువు ఉందని, బాప్తిస్మం తీసుకునేవాళ్లకి పేర్లు చూసే పని కూడా నాకే అప్పగించారు.

అడిగితే అందరూ పాల్, జాన్, డేవిడ్ అంటారు. నేను అరిగిపోయిన పేర్లు ఇచ్చేదాన్ని కాదు. చిన్న ప్రవక్తల దగ్గరికి వెళ్లేదాన్ని. హగ్గయి అంటే పండుగ. మీకా అంటే యెహోవా వంటివాడెవడు అని. ఆమోసు అంటే భారం. ఒక్కో పేరుకీ అర్థం, అది ఆ మనిషికెందుకో ఒక్క వాక్యం, ఇవి చిన్న కొత్త నిబంధన మొదటి పేజీలో రాసి చేతికిచ్చేదాన్ని.

దానికి నేనే ఇంకో పద్ధతి కలిపాను. సంఘం పుస్తకంలో ఎడమవైపు పాత పేరు రాయించి, నీళ్లలోంచి లేచి వచ్చాక ఆ మనిషి కళ్లముందే దాని మీద నల్ల మార్కరు పెట్టి గీసేదాన్ని. ఒక్క గీత కాదు, అక్షరం కనబడనంతగా. తర్వాత కుడివైపు కొత్త పేరు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు, కొందరు ఏడ్చేవాళ్లు. సంజీవ్ గారు ప్రసంగంలో రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా.

నహూము మా దగ్గరికి వచ్చింది అన్నం కోసం. అలా వచ్చేవాళ్లు చాలామంది, అందులో తప్పేం లేదు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. నిజ్వాలో ఏదో కంపెనీకి వచ్చి, అది వదిలేసి పారిపోయాడు. పాస్‌పోర్టు అక్కడే ఉండిపోయింది. అలాంటివాళ్లని ఇక్కడ కల్లివెల్లి అంటారు. కార్డు ఉండదు, సిమ్ము ఇంకొకరి పేరు మీద ఉంటుంది. రుస్తాఖ్ చుట్టుపక్కల చిన్న మేస్త్రీల దగ్గర దినకూలి చేసేవాడు. అతను వచ్చిన మూడో నెలలో ఊళ్లో కొడుకు బైకు మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయాడు. కార్డు లేని మనిషి విమానం ఎక్కలేడు. దహనం ఎవరిదో ఫోన్‌లో చూశాడు. ఆ శుక్రవారం కూడా వచ్చి, కంచం ముందు పెట్టుకుని, తినకుండా నాలుగు దాకా కూర్చున్నాడు.

అందుకే అతనికి నహూము అని ఇచ్చాను. అర్థం చెబితే ఒక ప్రశ్న వేశాడు.

"ఆదరణ అంటే అక్కా, ఆదరించేటోడా, ఆదరించబడేటోడా?"

నిఘంటువులో అది అంత తేటగా లేదు. "రెండూ అనుకోండి," అన్నాను.

"రెండైతె మంచిదే. ఒకటి కాకుంటె ఒకటన్న అయితది."

నెల తర్వాత వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చర్చి బైబిల్లో నహూము గ్రంథం మూడు అధ్యాయాలూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడట.

"అక్కా, పేరేమో ఆదరణ అంటివి. లోపలంత తిట్లే ఉన్నయి. పట్నం కూలె, రథాలు కాలె, పీనుగులు కుప్పలు వడె. ఆదరణ ఏడున్నది?"

"అది నీనెవె పట్నం మీద తీర్పు. ఆ పట్నం వాళ్లు చుట్టుపక్కల దేశాలన్నిటినీ తొక్కేశారు. తొక్కించుకున్నవాళ్లకి అది కూలిపోతుందన్న మాటే ఆదరణ."

"అంటె కొట్టేటోని కట్టె ఇరిగితె, దెబ్బలు తిన్నోనికి పానం సల్లవడుతది. గంతేనా?"

"అంతే. కానీ అక్కడితో ఆగిపోదు. యేసు తాను వెళ్లాక ఆదరణకర్తను పంపుతానన్నాడు. పాత ప్రవక్త పేరులో ఉన్న మాటే అక్కడ నిండింది. ఇంకోటి వినండి. యేసు సొంత ఊరు వదిలి ఇల్లు చేసుకున్న ఊరు కపెర్నహూము. నహూము ఊరు అని దానికి అర్థం చెప్తారు."

అప్పుడు నవ్వాడు. అతను నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. "అయితె దేవుడు మా ఊర్లనే కిరాయికున్నడన్నట్టు. జర ముందు చెప్తె ఇల్లు చూపెట్టకపోదునా?"

ఇన్ని మాటలు గుర్తున్నాయి. పాత పేరు గుర్తులేదు. హాల్లో గోలగా ఉంది, అతను చెప్పాడు, నేను తల ఎత్తకుండా రాశాను, అరగంట తర్వాత కొట్టేశాను.

సోమవారం సాయంత్రం మా ఆయన ప్రభాకర్ ఆఫీసు నుంచి వచ్చేసరికి సంజీవ్ గారు కూడా వచ్చారు. పుస్తకం బల్ల మీద పెట్టాం. సంజీవ్ గారు ఫోన్ లైటు వేసి పేజీని వెనక నుంచి చూశారు, పక్క నుంచి చూశారు.

"ఇంత గట్టిగా కొట్టేయడం దేనికి సుగుణా? ఎవరన్నా ఎత్తుకుపోతారనా?" అన్నారు మా ఆయన.

నేను పేజీని ఇంకాస్త లైటు దగ్గరికి ఎత్తి పట్టుకున్నాను.

"చివర 'య్య' ఉన్నట్టుంది," అన్నారు సంజీవ్ గారు కళ్లు చిట్లించి. తర్వాత ఆయనే నిట్టూర్చారు. "జగిత్యాలలో ఆ వయసు మగవాళ్లందరికీ చివర 'య్య'నే అక్కా."

సంఘంలో నలభై మందికి ఫోన్లు చేశాం. నహూము బ్రదరా, అయ్యో అన్నారు. పాత పేరు ఒక్కరికీ తెలియదు. మొదట తీసుకొచ్చిన కుర్రాడు ఇండియా వెళ్లిపోయాడు. అతన్ని పట్టుకుంటే, "మామ అని పిలుస్తుంటిమి మేడం," అన్నాడు.

మంగళవారం సంజీవ్ గారు సెలవు పెట్టి వెళ్లి శవాన్ని చూసొచ్చారు. నహూమే. స్టేషన్‌లో ఆఫీసరు రెండు దారులు చెప్పాడట. పాస్‌పోర్టులో ఉన్న పేరు, తండ్రి పేరు తెస్తే ఎంబసీ వాళ్లు వెతికిపట్టుకుంటారు, శవం ఇంటికి వెళ్తుంది. లేదంటే ఇతను మా సంఘం మనిషి, పేరు నహూము, బంధువులెవరో తెలియదు అని చర్చి తరఫున రాసిచ్చి, చేతిరాత నాదేనని నేను సంతకం పెడితే, ఇక్కడే పూడ్చుకోవచ్చు. గురువారం మధ్యాహ్నం లోపల ఏదో ఒకటి తేల్చమన్నాడు.

బుధవారం పొద్దున ముగ్గురం మా కారులో రుస్తాఖ్ స్టేషన్‌కి బయల్దేరాం. సంజీవ్ గారు ఉత్తరం టైపు చేయించి తెచ్చారు.

ఆఫీసరు చిన్నవాడే, మర్యాదస్తుడు, హిందీ బాగా వచ్చు. ప్లాస్టిక్ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట చెమటకి ఉబ్బి, మళ్లీ ఎండి, వంకర పోయి ఉంది.

"ఇది రాసింది ఎవరు?"

"నేను."

"మీ బతాకా ఇవ్వండి."

ఇచ్చాను. కార్డు చూశాడు, పుస్తకంలో పేజీ చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. తెలుగు పేజీ పక్కన ఎవరో అరబ్బీలో రాసి పెట్టిన చీటీ ఉంది.

"ఇక్కడ సుగుణ అని ఉంది. మీరు రామలక్ష్మి. సుగుణ ఎవరు?"

సంజీవ్ గారు నా వైపు తిరిగి చూశారు. ఆరేళ్లుగా ఆయనకి నేను సుగుణనే.

మా తాత కాలం నుంచి మేం క్రైస్తవులం. అయినా బాపట్లలో నన్ను బడిలో వేసేటప్పుడు మా నాన్న దరఖాస్తులో రామలక్ష్మి అని, మతం హిందూ అని రాశాడు. క్రైస్తవులని రాస్తే మా కులానికి వచ్చే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, హాస్టల్ సీటు పోతుంది. "చర్చి పేరు చర్చిలో, బడి పేరు బడిలో," అనేవాడు. మా వాళ్లలో ఇది ఇంటింటి సంగతే, దీన్నెవరూ అబద్ధం అనుకోరు. నేను అనుకున్నాను. హాజరు పిలిచినప్పుడల్లా లేచి నిలబడి వేరే ఎవరి తరఫునో పలికినట్టుండేది. పరీక్షల్లో, పెళ్లి కార్డు మీద, పాస్‌పోర్టులో, ఎక్కడ చూసినా ఒకళ్లలో ఇద్దరం. నాకున్న ఆ మచ్చ ఇంకొకరికి ఉండకూడదని మార్కరు పట్టుకున్నాను. ఇదంతా పోలీసు స్టేషన్‌లో చెప్పే సంగతి కాదు.

"ఇద్దరూ నేనే," అన్నాను. "కాగితాల్లో ఒకటి, చర్చిలో ఒకటి."

మా ఆయన ముందుకు వంగి, "మా వైపు ఇలా మామూలే సార్," అన్నారు.

ఆఫీసరు నవ్వలేదు. కార్డు నా ముందుకు తోశాడు. "మీకు రెండు పేర్లుంటే అతనికీ రెండోది ఉంటుంది కదా మేడం. అది మీకు తెలియదా?"

సంజీవ్ గారు ఉత్తరం తీసి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించారు. పెన్ను నా చేతికిచ్చారు. నేను పెన్ను బల్ల మీద పెట్టేసి, ఒక్క నిమిషం బయటికి రమ్మన్నాను.

వరండాలో ఆయన గొంతు తగ్గించి మాట్లాడారు. "మనసు కష్టపెట్టుకోకండి అక్కా. సమాధుల తోటలో చోటు అడిగాను. రాయి మీద నహూము అని, కింద ఆదరణ అని చెక్కిద్దాం. తనను నమ్ముకున్నవాళ్లని దేవుడు ఎరుగుతాడని ఆ ప్రవక్త నహూమే రాశాడు. దేవుడికి ఆ పేరు చాలు."

"దేవుడికి చాలు. ఆయన భార్యకి చాలదు."

"భార్య ఎక్కడుందో తెలియదు కదా."

"తెలియకుండా చేసింది నేనే కదా పాస్టరు గారూ. ఈ కాగితం మీద ఎవరో నహూము చనిపోతాడు. ఆమె మొగుడు చనిపోడు. పదేళ్లైనా ఫోన్ మోగినప్పుడల్లా పరిగెత్తుతుంది. కొడుకు పోయాడని ఈయన ఏడ్చాడు, ఈయన పోయాడని ఏడ్చే అవకాశం ఆమెకి లేకుండా నేను సంతకం పెట్టను."

"మరి రేపు మధ్యాహ్నం దాకా ఏం చేస్తారు? ఊరూరా అడుగుతారా?"

"అతను ఉండే రూమ్ మా ఆయనకి తెలుసు. క్రిస్మస్‌కి దింపొచ్చారు."

మా ఆయన తల గోక్కున్నారు. "చీకట్లో దింపాను. పెట్రోలు బంకు దాటాక ఖర్జూరం తోట గోడ. వెతుకుదాం పద."

సంజీవ్ గారు రాలేదు. సాయంత్రం డ్యూటీ ఉందని బస్సు ఎక్కారు. ఎక్కేముందు ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టారు. "పేరు దొరక్కపోతే మాత్రం పెట్టండి అక్కా. ఆ మనిషిని దిక్కులేనివాడిలా పోనివ్వొద్దు." ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఉత్తరం సంచిలో పెట్టుకున్నాను.

రూమ్ మూడు తోటలు తిరిగాక దొరికింది. రేకుల కప్పు, ఎనిమిది మంచాలు, ఒక కూలరు. ఎండకు పని ఆపే వేళ కాబట్టి ముగ్గురు పడుకుని ఉన్నారు. కారు చప్పుడికి ఇద్దరు వెనక తలుపు నుంచి తోటలోకి వెళ్లిపోయారు. మిగిలినతను లుంగీ సర్దుకుంటూ లేచాడు. తెలుగు వినగానే నిలబడిపోయాడు. పేరు గణపతి, నిర్మల్ దగ్గరి పల్లె.

"పోలీసులనుకున్నం అక్కా. మాకు గూడ కార్డుల్లేవు."

"నహూము గురించి వచ్చాం," అన్నాను. అతనికి అర్థం కాలేదు. "శుక్రవారం శుక్రవారం మస్కట్ వచ్చే పెద్దాయన. జగిత్యాల."

గణపతి మంచం మీద కూలబడ్డాడు. "సచ్చిపోయిండా?"

"ఆదివారం. ఆస్పత్రిలో."

"రోడ్డు మీద ఎవరో వడ్డరని ఇన్నం. ఆస్పత్రికి వోయి అడుగుదమంటె మమ్ములనే లోపలేస్తరు." ముంజేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మామ మంచం ఇదే అక్కా. గట్లనే ఉంచినం."

దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. కింద రేకు పెట్టె. మా ఆయన తెరిచారు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, జండూబామ్, కొడుకు ఫోటో. పేరున్న కాగితం ఒక్కటీ లేదు.

"అసలు పేరేంటి గణపతీ?"

"తెల్వదక్కా. నేనచ్చిన కాడికెల్లి మామనే. ఒకపారి అడిగితె, పేరుతోని ఏం పనిరా, అన్నం తినెటప్పుడు మామా అంటె వస్తున్న గద, అన్నడు." దిండు కింద నుంచి తన ఫోన్ తీశాడు. "ఇంటి నంబరున్నది. ఒకపారి ఆయన ఫోను ఖరాబైతె నా దానికెల్లి చేసిండు. అత్తమ్మ మూడొద్దుల సంది చేస్తనే ఉన్నది. మేం ఎత్తుతలేం."

ఫోన్ చూపించాడు. 'మామ ఇల్లు' అని ఉంది. దాని పక్కన పదిహేడు మిస్డ్ కాల్స్.

"నువ్వు చెప్పలేకపోయావా?"

"మీరైతె చెప్పగల్గుతరా అక్కా?" అన్నాడు. ఎగతాళిగా కాదు.

నేను ఫోన్ తీసుకుని బయటికి వచ్చి గోడ నీడలో నీళ్ల పీపా మీద కూర్చున్నాను. ముందు పేరు తీసుకోవాలి, తర్వాత చెప్పాలి అనుకున్నాను. చావు కబురు ముందు చెబితే ఆమె ఇక మాట్లాడదు. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్లకే చెప్పి పెట్టేయాలని కూడా అనుకున్నాను. అది నా సుఖం కోసమే.

ఒక్క రింగుకే ఎత్తింది.

"గణపతీ! ఏంరా, మనుషులు సచ్చిన్రా బతికిన్రా అడిగేటోళ్లు లేరా? ఫోనెందుకు ఎత్తరు?"

"గణపతి కాదమ్మా. నేను మస్కట్ నుంచి సుగుణని."

"ఓ, అక్కవా! శుక్రారం శుక్రారం అన్నం పెడ్తవట గద. చెప్పిండు చెప్పిండు. నేను లస్మవ్వను." గొంతులో కోపమంతా పోయింది. వెనకాల కత్తెర చప్పుడు వినబడుతోంది, ఆకు కత్తిరిస్తున్న చప్పుడు. "బీడీలు చేస్తున్న తల్లీ. అయితె చెప్పు. మావోడు మంచిగున్నడా? మూడొద్దులాయె ఫోను లేదు. పనిల వడ్డడా?"

"అమ్మా, ఒక కాగితం పని ఉంది. ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా కావాలి."

"కాగితమా? కార్డు చేపిస్తున్నవా? నీ కడుపు సల్లగుండ! కార్డయితె ఇంటికి రావొచ్చట గద."

"పేరు చెప్పమ్మా."

నవ్వింది. పదహారేళ్ల పిల్ల నవ్వినట్టు. "మొగని పేరు ఎట్ల చెప్తరక్కా? నీకు తెల్వదా? ఆయుష్షు తగ్గుతదంటరు."

నాకు తెలుసు. మా అమ్మమ్మ కూడా చెప్పేది కాదు. తెలిసీ ఆ సంగతి ముందుగా తట్టలేదు.

"ఫర్వాలేదమ్మా. కాగితం కోసమే కదా."

"కాగితానికైన నోట్లెకెల్లి రావాలె గద. ముప్పై ఏండ్లాయె, ఒక్కనాడు అనలే. ఓటరు లిస్టోళ్లచ్చినా మా కవితనే చెప్తది. ఆగు, కవిత డ్యూటికి వోయింది, ఆరు గొట్టంగ వస్తది. అది మంచిగ స్పెల్లింగుతోని చెప్తది."

కవిత కూతురు. ఆరింటిదాకా ఆగొచ్చు. ఆ పిల్లని పేరు అడిగి, సంగతి చెప్పి, అమ్మకి నువ్వే చెప్పమ్మా అని పెట్టేయొచ్చు. సరే అందామని నోరు తెరిచాను కూడా.

"అంత తొందరైతె గుర్తు చెప్త," అంది లస్మవ్వ సరదాగా. "ధర్మపురికి వోతె మునిగేదొకటి, మొక్కేదొకటి. రెండు గలుపు. గంతే మీ తమ్ముడు."

నేను ఆ వైపు మనిషిని కాను. గోదావరి అని మాత్రం తట్టింది, దాన్ని అక్కడ గంగ అంటారని అప్పటికి తెలియదు. మొక్కేది ఎవరికో నాకు తెలియదు. లోపలికి వెళ్లి గణపతిని అడిగితే చిటికెలో విప్పేవాడు. పీపా మీద నుంచి లేచాను.

"అయినా అక్కా, నన్నెందుకు సతాయిస్తవు," అంది. "గాయినకియ్యి ఫోను. ఆయన పేరు ఆయననే చెప్తడు గద."

ఖర్జూరపు మట్టలు కదలడం లేదు. గుమ్మంలో మా ఆయన, గణపతి నిలబడి నన్నే చూస్తున్నారు.

"అక్కా. ఆయనకియ్యి."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. అవతల ఎక్కడో కోడి కొక్కొరొక్కో అంది, ఎవరో పిల్లవాడు దాన్ని అదిలించాడు. ఆమె ఊపిరి వినబడుతోంది.

"పేరు ఎవలకు కావాలె?" అని అడిగింది చాలాసేపటికి.

"పోలీసులకి. ఆస్పత్రికి."

"ఆయన నోటితోని ఎందుకు చెప్పడు?"

ఇంక దాచలేదు. "చనిపోయారు లస్మవ్వా. ఆదివారం మధ్యాహ్నం. ఎండదెబ్బ తగిలింది."

కేక పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. చేతిలోది ఏదో చాట మీద పెట్టిన చప్పుడు.

"మా దగ్గర ఆయనకి వేరే పేరుంది," అన్నాను. "అది నేను పెట్టింది. ఆ పేరు కాగితాల్లో పనికిరాదు. అసలు పేరు దొరక్కపోతే ఇక్కడే పూడ్చేస్తారు. దొరికితే మీ దగ్గరికి పంపిస్తారు. అందుకే అడుగుతున్నాను."

మీరు పెట్టిన పేరేంటని ఆమె అడగలేదు. అడిగితే దాని అర్థం కూడా చెప్పాల్సి వచ్చేది. ఆ పూట అది నా నోటి నుంచి వచ్చేది కాదు.

"కాగితమున్నదా నీ దగ్గర?"

"ఉంది." సంచిలోంచి చేతికి అందింది సంజీవ్ గారి ఉత్తరమే. వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాను.

"రాసుకో. కొలిపాక..." అని ఆగింది. గొంతు సవరించుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. "కొలిపాక. గంగ. నర్సయ్య."

ఒక్కో ముక్కా విడిగా వచ్చింది, మొదటిసారి చదువుతున్నట్టు.

"తండ్రి పేరు మల్లయ్య. రాసుకున్నవా?"

"రాసుకున్నాను."

"తప్పు వోతదేమో. మల్ల చెప్తున్న, మంచిగ చూసుకో. కొలిపాక గంగనర్సయ్య."

ఈసారి తడబడలేదు. నేను రాసినదాని మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకున్నాను. "సరిగ్గానే ఉందమ్మా," అన్నాను.

ఆమె వినలేదు. ఫోన్ ముఖానికి దూరంగా జరిగింది, గొంతు చిన్నదైంది. మూడోసారి ఆ పేరు నాకోసం చెప్పలేదు. ఇంట్లోంచి గుమ్మం బయటికి, పొలం వెళ్లిన మనిషికి వినబడేటట్టు పిలిచింది.